జాయిన్ క్వెరీలలో కాలమ్ పేర్ల దోషాలు: సాహిత్య దత్తాంశ పరిశోధకులకు పరిష్కార పద్ధతులు

వ్యాససంగ్రహం:
కవులు, కృతులు, ముద్రణలు మొదలైన వివరాలను వేర్వేరు పట్టికలలో భద్రపరచి, వాటిని జాయిన్ క్వెరీలతో కలిపి చూడటం సాహిత్య పరిశోధనలో ఉపయోగపడే పద్ధతి. ఈ పనిలో తరచుగా ఎదురయ్యే చిక్కు కాలమ్ పేర్లకు సంబంధించినది. ఈ దోషాలలో కొన్నింటిని డేటాబేస్ స్వయంగా ప్రకటిస్తుంది. మరికొన్ని ఏ సందేశమూ లేకుండా తప్పు ఫలితాన్ని ఇస్తాయి. మొదటి రకం పనిని ఆపుతుంది. రెండవ రకం పరిశోధన నిర్ణయాన్నే తప్పుదారి పట్టిస్తుంది. ఈ రెండు రకాల స్వరూపాన్ని, కారణాలను, తెలుగు లిపిలో పేర్లు పెట్టినప్పుడు కలిగే ప్రత్యేక సమస్యలను, పరిష్కార క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డేటాబేస్, జాయిన్, కాలమ్ పేరు, సందిగ్ధత, మారుపేరు, యూనికోడ్, సాహిత్య దత్తాంశం.

1. ఉపోద్ఘాతం:
దత్తాంశాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఆ పట్టికలను ప్రశ్నించడానికి అనువైన భాషను డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఐబీఎం సంస్థలో రూపొందించారు. నేడు ఎస్‌క్యూఎల్ పేరుతో వ్యవహరిస్తున్నది ఆ భాషే. రెండు పట్టికలను ఏ ఆధారంతో కలపాలో స్పష్టంగా చెప్పే 'జాయిన్ - ఆన్' నిర్మాణం 1992 నాటి ప్రమాణంలో చోటు చేసుకుంది.

ఒకే పేరు ఇద్దరికి ఉన్నప్పుడు ఏం చేయాలో తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త విషయం కాదు. 'సోమన' అంటే ఎవరు? పాలకురికి సోమనా, నాచన సోమనా? పేరుకు ముందు ఇంటిపేరు చేరగానే సందేహం తొలగుతుంది. జాయిన్ క్వెరీలో కాలమ్ పేరుకు పట్టిక పేరు ఇటువంటి ఇంటిపేరే. ఈ చిన్న నియమాన్ని పాటించకపోవడం వల్ల కలిగే దోషాలే ఈ వ్యాసంలో ప్రధాన చర్చనీయాంశం.

ఈ వ్యాసంలో సెలెక్ట్, ఫ్రమ్, జాయిన్, ఆన్, వేర్ మొదలైన ఆదేశపదాలను తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటరులో వాటిని రోమన్ లిపిలోనే టైపు చేయాలి. పట్టికల పేర్లను, కాలమ్ పేర్లను మాత్రం మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ వ్యవస్థలలో తెలుగు లిపిలోనే ఉంచుకోవచ్చు.

2. నమూనా పట్టికలు:
వివరణ కోసం మూడు చిన్న పట్టికలను తీసుకుందాం.

కవులు: కవి_ఐడి, పేరు, సంవత్సరం (ఇక్కడ సంవత్సరం అంటే జనన సంవత్సరం).
కృతులు: కృతి_ఐడి, కవి_ఐడి, పేరు, ప్రక్రియ.
ముద్రణలు: ముద్రణ_ఐడి, కృతి_ఐడి, సంవత్సరం (ఇక్కడ సంవత్సరం అంటే ముద్రణ సంవత్సరం).

కవుల పట్టికలో గురజాడ అప్పారావు (1862), శ్రీనాథుడు ఉన్నారనుకుందాం. శ్రీనాథుని జనన సంవత్సరం గడి ఖాళీగా ఉంది. కృతుల పట్టికలో గురజాడ 'కన్యాశుల్కం', శ్రీనాథుని 'మరుత్తరాట్చరిత్ర' మాత్రమే ఉన్నాయనుకుందాం. ముద్రణల పట్టికలో కన్యాశుల్కానికి 1897, 1909 నాటి రెండు వరుసలు ఉన్నాయి. మరుత్తరాట్చరిత్ర అలభ్య కృతి గనుక దానికి ముద్రణల పట్టికలో వరుస లేదు.

3. డేటాబేస్ ప్రకటించే దోషాలు:

3.1 అజ్ఞాత నామం:
క్వెరీలో రాసిన పేరు ఏ పట్టికలోనూ కనిపించకపోతే 'అటువంటి కాలమ్ లేదు' అనే అర్థంలో సందేశం వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీని సంఖ్య 1054, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 42703, ఒరాకిల్‌లో ఓఆర్ఏ-00904. మైఎస్‌క్యూఎల్ మరొక మేలు కూడా చేస్తుంది. దోషం సెలెక్ట్ జాబితాలో ఉందా, ఆన్ భాగంలో ఉందా, వేర్ భాగంలో ఉందా అన్నది ఆ సందేశంలోనే చెబుతుంది. చాలామంది సందేశంలోని మొదటి సగమే చదివి క్వెరీ మొత్తాన్ని వెదుకుతారు. రెండవ సగం చదివితే వెదకవలసిన చోటు తెలుస్తుంది.

ఈ దోషానికి ముఖ్య కారణాలు నాలుగు.

మొదటిది వర్ణక్రమ భేదం. పట్టికలో 'గ్రంథం' అని ఉండి క్వెరీలో 'గ్రంధం' అని రాస్తే డేటాబేస్ దృష్టిలో అవి రెండు వేరు పేర్లు. 'గ్రంథము', 'గ్రంథం' కూడా అంతే.

రెండవది మారుపేరు. పట్టికకు మారుపేరు పెట్టిన తరువాత ఆ క్వెరీలో అసలు పేరు చెల్లదు.

సెలెక్ట్ కవులు.పేరు ఫ్రమ్ కవులు క

ఇక్కడ కవుల పట్టికకు 'క' అనే మారుపేరు ఇచ్చాం. కాబట్టి 'క.పేరు' అనే రాయాలి. 'కవులు.పేరు' అని రాస్తే దోషం.

మూడవది అన్వయ క్రమం. క్వెరీని మనం సెలెక్ట్‌తో మొదలుపెట్టి చదువుతాం. అర్థక్రమంలో మాత్రం ఫ్రమ్, జాయిన్ భాగాలు ముందు, ఆపై వేర్, గ్రూప్ బై, హావింగ్, తరువాత సెలెక్ట్, చివర ఆర్డర్ బై వస్తాయి. పద్యంలో క్రియ చివర ఉన్నా అన్వయం చెప్పేటప్పుడు కర్తతో మొదలుపెట్టినట్లే ఇదీ. సెలెక్ట్ జాబితాలో ఒక కాలమ్‌కు 'కృతిపేరు' అనే కొత్త పేరు ఇచ్చి, దానినే వేర్ భాగంలో వాడితే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఒరాకిల్ దానిని గుర్తించవు. వేర్ భాగం పరిశీలనకు వచ్చే సమయానికి ఆ పేరు ఇంకా పుట్టలేదు.

నాలుగవది కామా. పట్టికలను కామాతో కలిపే పాత పద్ధతిని, జాయిన్ పద్ధతిని ఒకే క్వెరీలో కలిపితే చిక్కు వస్తుంది.

ఫ్రమ్ కవులు క, కృతులు కృ జాయిన్ ముద్రణలు మ ఆన్ మ.కృతి_ఐడి = కృ.కృతి_ఐడి అండ్ కృ.కవి_ఐడి = క.కవి_ఐడి

ఇక్కడ జాయిన్ కామా కన్నా గట్టిగా పట్టుకుంటుంది. కృతులు, ముద్రణలు ముందుగా జతపడతాయి. ఆ జత మధ్య ఉన్న ఆన్ భాగానికి 'క' ఎవరో తెలియదు. మైఎస్‌క్యూఎల్‌లో 5.0.12 రూపాంతరం నుండి ఈ ప్రమాణ నియమం అమలులో ఉంది. అంతకు ముందు పనిచేసిన పాత క్వెరీలు ఆ తరువాత 1054 దోషం చూపడానికి కారణం ఇదే. కామాను తీసివేసి అన్ని పట్టికలనూ జాయిన్‌తోనే కలపడం దీనికి పరిష్కారం.

3.2 సందిగ్ధ నామం:
ఒకే పేరు రెండు పట్టికలలో ఉండి, ఏది ఉద్దేశించారో క్వెరీ చెప్పకపోతే 'ఈ కాలమ్ సందిగ్ధం' అనే సందేశం వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీని సంఖ్య 1052, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 42702, ఒరాకిల్‌లో ఓఆర్ఏ-00918. కావ్యదోషాలలో ఆలంకారికులు సందిగ్ధాన్ని లెక్కించారు. అక్కడ సహృదయుడు సందర్భాన్ని బట్టి అర్థం నిర్ణయించుకోగలడు. డేటాబేస్‌కు ఆ స్వాతంత్ర్యం లేదు, ఉండకూడదు కూడా.

సెలెక్ట్ పేరు, సంవత్సరం ఫ్రమ్ కవులు క జాయిన్ కృతులు కృ ఆన్ క.కవి_ఐడి = కృ.కవి_ఐడి జాయిన్ ముద్రణలు మ ఆన్ కృ.కృతి_ఐడి = మ.కృతి_ఐడి

ఈ క్వెరీలో 'పేరు' కవిదా, కృతిదా? 'సంవత్సరం' జననానిదా, ముద్రణదా? ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సందేశం తొలగిపోవాలన్న తొందరలో 'క.సంవత్సరం' అని రాస్తే క్వెరీ నడుస్తుంది, కాని కన్యాశుల్కం ఎదుట 1862 అని వస్తుంది. అది గురజాడ జన్మించిన సంవత్సరం. 'మ.సంవత్సరం' అని రాస్తేనే 1897, 1909 వస్తాయి. సందేశం ఆగినంత మాత్రాన అర్థం సరిపోయిందనుకోరాదు.

'క.కవి_ఐడి, కృ.కవి_ఐడి సమానమని ఆన్ భాగంలో చెప్పాం కదా, మరి కవి_ఐడి సందిగ్ధం ఎలా అవుతుంది?' అనే ప్రశ్న సహజంగా వస్తుంది. డేటాబేస్ పేర్లను నిర్ణయించేటప్పుడు విలువలను చూడదు. పైగా లెఫ్ట్ జాయిన్‌లో ఆ రెండు విలువలు అన్ని వరుసలలోనూ సమానంగా ఉండకపోవచ్చు. ఆ విషయం 5.3లో చూద్దాం.

నిన్నటి వరకు పనిచేసిన క్వెరీ నేడు సందిగ్ధ దోషం చూపడం కూడా జరుగుతుంది. కవుల పట్టికలో మొదట 'సంవత్సరం' లేదనుకుందాం. అప్పుడు ఒంటరిగా రాసిన 'సంవత్సరం' ముద్రణలదే. తరువాత ఎవరో కవుల పట్టికకు ఆ కాలమ్‌ను చేర్చారు. క్వెరీలో ఒక్క అక్షరం మారకపోయినా అది సందిగ్ధమైంది. మొదటి నుండి 'మ.సంవత్సరం' అని రాసి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.

4. తెలుగు లిపిలోని పేర్లు - ప్రత్యేక సమస్యలు:
తెలుగులో కాలమ్ పేర్లు పెట్టడం వల్ల పట్టిక చదవడం సులభమవుతుంది. అయితే కంటికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు కంప్యూటరుకు వేరుగా ఉండే సందర్భాలను తెలుసుకోవాలి.

4.1 ఐత్వం: యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వాన్ని, దాని కింద చేరే గుర్తును రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. 'శైలి' అనే పేరు మొదటి పద్ధతిలో 4 సంకేతాలు, రెండవ పద్ధతిలో 5 సంకేతాలు. తెరమీద రెండూ ఒక్కటే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ వీటిని రెండు వేర్వేరు పేర్లుగా పరిగణిస్తాయి.

4.2 కనిపించని సంకేతాలు: పొల్లు తరువాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి వెడల్పు లేని ఒక సంకేతాన్ని వాడుతాం. పొల్లు తరువాత దాని ప్రభావం కంటికి కనిపిస్తుంది. అచ్చు గుర్తు తరువాత పొరపాటున చేరితే అది ఏమాత్రం కనిపించదు, కాని పేరులో భాగమై ఉంటుంది.

4.3 ఫైలు ఆరంభ చిహ్నం: ఎక్సెల్ నుండి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రూపంలో భద్రపరచిన ఫైలు మొదట ఒక అదృశ్య చిహ్నం ఉంటుంది. కొన్ని దిగుమతి సాధనాలు దానిని మొదటి కాలమ్ పేరులో కలిపేస్తాయి. మొదటి కాలమ్ సాధారణంగా ఐడి. జాయిన్ చేసేది ఐడి మీదనే. అందువల్ల పట్టికలో 'కృతి_ఐడి' ఎదురుగా కనిపిస్తున్నా అటువంటి కాలమ్ లేదనే సందేశం వస్తుంది. 'కృతి_ఐడి' పేరులో 8 సంకేతాలు ఉండాలి. లెక్కించినప్పుడు 9 వస్తే అదృశ్య చిహ్నం చేరిందని గ్రహించవచ్చు.

4.4 పేరు పొడవు: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పేరు పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. కాబట్టి 21 సంకేతాల వరకే పేరు నిలుస్తుంది. అచ్చు గుర్తులు, పొల్లు, సున్న కూడా ఈ లెక్కలోకి వస్తాయి. 'తొలిముద్రణప్రచురించినసంస్థ' అనే కాలమ్ ఒక పట్టికలో, 'తొలిముద్రణప్రచురించినసంవత్సరం' అనే కాలమ్ మరొక పట్టికలో ఉన్నాయనుకుందాం. రెండూ 'తొలిముద్రణప్రచురించిన' అనే దగ్గర తెగిపోతాయి. పట్టిక తయారుచేసే సమయంలో వచ్చే సూచనను గమనించకపోతే, జాయిన్ చేసినప్పుడు రెండు వేర్వేరు పేర్లు ఎందుకు సందిగ్ధమయ్యాయో బోధపడదు. 'తొలి_సంస్థ', 'తొలి_సంవత్సరం' వంటి పొట్టి పేర్లు మేలు. మైఎస్‌క్యూఎల్‌లో పరిమితి 64 అక్షర సంకేతాలు గనుక అక్కడ ఈ ఇరుకు తక్కువ.

5. మౌనదోషాలు:
ఇంతవరకు చెప్పినవి డేటాబేస్ నోరు విప్పి చెప్పే దోషాలు. ఇకపై చెప్పేవి ఏ సందేశమూ ఇవ్వవు. సిద్ధాంత వ్యాసంలోని పట్టికలోకి, అక్కడి నుండి నిర్ణయంలోకి నిశ్శబ్దంగా చేరేవి ఇవే.

5.1 నేచురల్ జాయిన్: ఈ నిర్మాణంలో ఆన్ భాగం ఉండదు. రెండు పట్టికలలో ఒకే పేరుతో ఉన్న కాలమ్‌లన్నీ సమానం కావాలని డేటాబేస్ భావిస్తుంది. కవులు, కృతులు పట్టికలకు కవి_ఐడితో పాటు 'పేరు' కూడా ఉమ్మడి. అంటే కవి పేరు, కృతి పేరు ఒకటే కావాలి. 'గురజాడ అప్పారావు', 'కన్యాశుల్కం' సమానం కావు గనుక ఒక్క వరుస కూడా రాదు. ఉమ్మడి పేరు ఒక్కటీ లేని పట్టికలైతే దీనికి విరుద్ధంగా ప్రతి వరుస ప్రతి వరుసతోనూ జతపడుతుంది. పరిశోధన అవసరాలకు ఈ నిర్మాణాన్ని వాడకపోవడం ఉత్తమం.

5.2 ఉపక్వెరీలో పేరు జారడం: ముద్రణ పొందిన కృతులు గల కవుల జాబితా కావాలి. ఒక పరిశోధకుడు ఇలా రాశాడనుకుందాం:

సెలెక్ట్ పేరు ఫ్రమ్ కవులు వేర్ కవి_ఐడి ఇన్ (సెలెక్ట్ కవి_ఐడి ఫ్రమ్ ముద్రణలు)

ముద్రణల పట్టికలో కవి_ఐడి లేదు. దోషం రావాలి కదా! రాదు. ఉపక్వెరీలోని పేరును డేటాబేస్ మొదట లోపలి పట్టికలో వెదుకుతుంది. అక్కడ లేకపోతే బయటి పట్టికలో వెదుకుతుంది. బయట కవుల పట్టికలో కవి_ఐడి ఉంది. దానితో 'ఈ కవి ఐడి ఈ కవి ఐడికి సమానమా?' అని అడిగినట్లయింది. సమాధానం ఎప్పుడూ అవుననే. మన నమూనాలో శ్రీనాథునికి ముద్రిత కృతి ఏదీ నమోదు కాకపోయినా ఆయన పేరు జాబితాలోకి వస్తుంది. సంకలన గ్రంథాలలోని పద్యాల ద్వారా మాత్రమే తెలిసిన కవులు ఉన్న పట్టికలోనైతే వారందరూ ముద్రిత కృతులు గలవారిగా లెక్కకెక్కుతారు. సెలెక్ట్ బదులు డిలీట్ ఆదేశంలో ఈ దోషం జరిగితే పట్టిక మొత్తం ఖాళీ అవుతుంది.

ఇదే ఉపక్వెరీలో 'మ.కవి_ఐడి' అని, పట్టికకు 'మ' అనే మారుపేరు పెట్టి రాసి ఉంటే డేటాబేస్ వెంటనే 1054 సంఖ్యతో ఆపేది. పట్టిక పేరు చేర్చడం సందిగ్ధతను తీర్చడానికి మాత్రమే కాదు, మౌనదోషాన్ని మాట్లాడే దోషంగా మార్చడానికి కూడా.

5.3 లెఫ్ట్ జాయిన్‌లో ఏ పట్టిక ఐడి?: ప్రతి కృతికి ఎన్ని ముద్రణలు వచ్చాయో లెక్కించాలి. అలభ్య కృతులు కూడా జాబితాలో ఉండాలి గనుక లెఫ్ట్ జాయిన్ వాడాలి. సాధారణ జాయిన్ వాడితే మరుత్తరాట్చరిత్ర జాబితా నుండే మాయమవుతుంది.

సెలెక్ట్ కృ.పేరు, కౌంట్(కృ.కృతి_ఐడి) ఫ్రమ్ కృతులు కృ లెఫ్ట్ జాయిన్ ముద్రణలు మ ఆన్ కృ.కృతి_ఐడి = మ.కృతి_ఐడి గ్రూప్ బై కృ.కృతి_ఐడి, కృ.పేరు

ఇందులో కన్యాశుల్కానికి 2, మరుత్తరాట్చరిత్రకు 1 అని వస్తుంది. దొరకని కావ్యానికి ఒక ముద్రణ! కౌంట్ లోపల 'మ.కృతి_ఐడి' అని రాస్తే 2, 0 అని సరిగా వస్తుంది. జత దొరకని వరుసలో ముద్రణల వైపు గళ్లన్నీ శూన్యంగా ఉంటాయి. కౌంట్ శూన్యాన్ని లెక్కించదు. రెండు కాలమ్‌ల పేరు ఒక్కటే అయినా వాటి ఇంటిపేరు మారగానే సమాధానం మారింది.

5.4 కొటేషన్ గుర్తులు: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది పేరు. మైఎస్‌క్యూఎల్ సాధారణ అమరికలో అది అక్షరమాల, అంటే విలువ. ఎస్‌క్యూలైట్ సాధారణ అమరికలో దానిని మొదట పేరుగా వెదికి, దొరకకపోతే విలువగా తీసుకుంటుంది. అందువల్ల జంట గుర్తుల మధ్య 'గ్రంథం' బదులు 'గ్రంధం' అని రాస్తే దోష సందేశం రాకుండా, ప్రతి వరుసలోనూ 'గ్రంధం' అనే మాటే ప్రత్యక్షమవుతుంది.

5.5 ఫలితంలో ఒకే పేరు: 'క.పేరు, కృ.పేరు' అని రెండింటినీ సరిగానే కోరినా ఫలితంలో రెండు కాలమ్‌లకూ 'పేరు' అనే శీర్షికే వస్తుంది. ఫలితాన్ని పేర్ల ఆధారంగా చదివే పీహెచ్‌పీ వంటి భాషల పద్ధతులలో రెండవది మొదటిదాన్ని కప్పివేస్తుంది. 'క.పేరు యాజ్ కవిపేరు, కృ.పేరు యాజ్ కృతిపేరు' అని వేరు శీర్షికలు ఇవ్వాలి.

6. పరిష్కార క్రమం:
కాలమ్ పేరు దోషం ఎదురైనప్పుడు ఈ క్రమాన్ని పాటించవచ్చు.

1) సందేశాన్ని పూర్తిగా చదవాలి. ఏ పేరు, క్వెరీలో ఏ భాగం అన్నవి గుర్తించాలి.
2) పట్టికలోని అసలు పేర్లను జ్ఞాపకం మీద ఆధారపడకుండా డేటాబేస్‌నే అడగాలి. మైఎస్‌క్యూఎల్‌లో డిస్క్రైబ్, ఎస్‌క్యూలైట్‌లో ప్రాగ్మా టేబుల్_ఇన్ఫో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇన్ఫర్మేషన్_స్కీమా.కాలమ్స్ ఇందుకు ఉపయోగపడతాయి.
3) పేరు సరిగానే కనిపిస్తున్నా దొరకడం లేదంటే దాని సంకేతాల సంఖ్యను లెక్కించాలి. తేడా ఉంటే కాలమ్ పేరును కొత్తగా టైపు చేసి మార్చాలి.
4) ప్రతి పట్టికకు మారుపేరు ఇచ్చి, ఉపక్వెరీలతో సహా ప్రతి కాలమ్ ముందు దానిని చేర్చాలి.
5) జాయిన్‌ను ఒక్కసారిగా కాక ఒక్కొక్క పట్టికను చేరుస్తూ నడపాలి. చేర్చిన ప్రతిసారీ వరుసల సంఖ్య ఎంత మారిందో, ఎందుకు మారిందో చూసుకోవాలి.
6) సమాధానం ముందే తెలిసిన ఒకటి రెండు కృతులతో ఫలితాన్ని సరిచూడాలి. రెండు ముద్రణల సంవత్సరాలు తెలిసిన కన్యాశుల్కం, అసలు లభించని మరుత్తరాట్చరిత్ర ఇటువంటి పరీక్షకు తగినవి.

పట్టికలు రూపొందించే దశలోనే 'జనన_సంవత్సరం', 'ముద్రణ_సంవత్సరం', 'కవి_పేరు', 'కృతి_పేరు' అని అర్థం తెలిసేలా పేర్లు పెడితే ఈ దోషాలలో చాలా భాగం పుట్టవు. వర్ణక్రమంలో ఏకరూపత కోసం కాలమ్ పేర్ల జాబితాను ఒక పుటలో రాసి, పట్టికలతో పనిచేసే వారందరూ దానినే అనుసరించాలి.

7. ముగింపు:
జాయిన్ క్వెరీలోని కాలమ్ పేరు దోషాలు రెండు తరగతులు. అజ్ఞాత నామం, సందిగ్ధ నామం డేటాబేస్ ప్రకటించేవి. నేచురల్ జాయిన్, ఉపక్వెరీలో జారే పేరు, లెఫ్ట్ జాయిన్‌లో తప్పు పట్టిక ఐడి, కొటేషన్ గుర్తులు, ఫలితంలో ఒకే శీర్షిక వంటివి మౌనంగా ఉండేవి. వీటిలో మొదటి తరగతి పరిశోధకుని సమయాన్ని మాత్రమే హరిస్తుంది. రెండవ తరగతి అలభ్య కావ్యానికి ముద్రణను కల్పిస్తుంది, ఉన్న కృతిని జాబితా నుండి తొలగిస్తుంది. కాలమ్ పేరును పట్టిక పేరుతో కలిపి రాయడం వల్ల సందిగ్ధత తొలగడమే కాక, పట్టికలో లేని పేరును డేటాబేస్ వెంటనే బయటపెడుతుంది. రాతప్రతిలోని పాఠాన్ని ఏ ప్రతి నుండి గ్రహించామో పరిష్కర్త చెప్పినట్లే, ప్రతి విలువ ఏ పట్టిక నుండి వచ్చిందో క్వెరీ చెప్పాలి. సంఖ్యలను ఆధారంగా చూపే సాహిత్య పరిశోధకులు ఫలితాల పట్టికతో పాటు వాటిని ఇచ్చిన క్వెరీని కూడా అనుబంధంగా చేర్చితే, ఆ సంఖ్యలను ఇతరులు సరిచూసే వీలు కలుగుతుంది.